తలలో గడ్డ అన్నారు, ఏం చెయ్యమంటారు?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ, జయపురం వైపు నుంచి మెదడు గడ్డల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఊరి పేరు తప్ప మిగతా ఆనవాళ్లు తీసేశాం. చాలా ఉత్తరాల్లో ఒకటే తొందర. ఆపరేషనా, కరెంటా (అంటే రేడియేషనా), మాత్రలా అని అడుగుతున్నారు గానీ, ఆ గడ్డ ఏ జాతిదో తేలిందా అన్నది ఎక్కువమంది రాయలేదు. అందుకే కొన్ని జవాబులు కాస్త వెనక్కి వెళ్లి మొదలవుతాయి.

మా తమ్ముడికి 34 ఏళ్లు. పొలంలో ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. సీటీ స్కాన్‌లో ఉంగరంలా మచ్చ ఉందట. ఒక డాక్టరు గారు కేన్సర్ గడ్డ కావచ్చన్నారు, ఇంకొకరు పురుగు అన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి?
ఒక అక్క, రాయగడ

ఇద్దరూ తప్పు చెప్పలేదమ్మా. రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో ఉంగరంలా మెరిసేవి ముఖ్యంగా నాలుగు: బద్దెపురుగు తిత్తి, టీబీ గడ్డ, చీము గడ్డ, కేన్సర్ కణితి. మన దేశంలో పడుచు వయసువాళ్లకు మొదటిసారి ఫిట్స్ వచ్చి, స్కాన్‌లో చిన్న ఉంగరం ఒక్కటే కనబడితే ముందు అనుమానించేది పురుగు తిత్తిని, టీబీని. కేన్సర్ ఆ తరవాత.

తేడా పట్టడానికి సీటీ చాలదు. రంగు మందుతో ఎమ్మారై తీయించాలి. పురుగు తిత్తి మామూలుగా 2 సెంటీమీటర్లకు లోపే ఉంటుంది. గోడ పల్చగా ఉండి, లోపల ఒక చుక్క కనిపిస్తే అది పురుగు తలే. టీబీ గడ్డ తరచు అంతకన్నా పెద్దది, గోడ ఎగుడుదిగుడుగా ఉంటుంది, రెండు మూడు అతుక్కుని కూడా ఉంటాయి. ఛాతీ ఎక్స్‌రేలోనో మెడ బిళ్లల్లోనో దాని జాడ దొరకొచ్చు. చీము గడ్డ అయితే డిఫ్యూజన్ అనే బొమ్మలో మధ్య భాగం తెల్లగా మెరుస్తుంది. కణితికి గోడ మందంగా, వంకరటింకరగా ఉండి, చుట్టూ వాపు బాగా ఉంటుంది. ఈ గుర్తులన్నీ ఒక్కోసారి మోసం చేస్తాయి. అందుకే నాడీ రోగాల స్కాన్లు రోజూ చూసే రేడియాలజిస్టు కంటపడాలి.

పురుగని తేలితే ఆల్బెండజోల్ ఇస్తారు. మోతాదు రోజుకు కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, రెండు పూటలకు పంచి, దానికి ముందునుంచే స్టెరాయిడ్ కలిపి. ఆ మందు మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని మీరే కొని వేయకండి. చచ్చే పురుగు చుట్టూ మెదడు వాచి ఫిట్స్ ఇంకా ఎక్కువవుతాయి. కంట్లో కూడా పురుగు ఉంటే చూపే పోవచ్చు. అందుకే మాత్రకు ముందు కంటి డాక్టరుతో లోపల పరీక్ష చేయించాలి. తిత్తులు లెక్కకు మించి ఉండి మెదడంతా వాచి ఉంటే అసలు ఆల్బెండజోల్ ఇవ్వరు.

మూడు నుంచి ఆరు నెలల్లో మళ్లీ స్కాన్ తీస్తారు. మచ్చ కరిగితే సరే. పెరిగితే సూదితో ముక్క తీయాల్సిందే. టీబీ అనుకుని ‘చూద్దాం’ అని ఏడాది మందులు మింగించి, చివరకు కణితి అని తేలిన సందర్భాలు ఉంటాయి. కాబట్టి ముక్క తీయకుండా టీబీ మందు మొదలుపెడితే, మళ్లీ స్కాన్ ఏ తేదీకో ఆ రోజే రాయించుకోండి. టీబీ గడ్డ మొదటి నెలల్లో మందు పనిచేస్తూనే కొంచెం ఉబ్బొచ్చు. అది చూసి మందు మీరే ఆపెయ్యకూడదు.

ఇంకో మాట. ‘మేం పంది మాంసం ముట్టం, మాకు పురుగెలా వస్తుంది’ అంటారు. మాంసం సరిగా ఉడక్కపోతే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తి కట్టేది ఆ పురుగు గుడ్ల వల్ల. అవి మనిషి మలంలోంచి నీళ్లకు, పచ్చి కూరలకు, చేతులకు అంటుకుని వస్తాయి. శాకాహారి ఇంట్లో కూడా కడగని కొత్తిమీరతో రావచ్చు.

ఫిట్స్ వచ్చినప్పుడు తమ్ముణ్ణి ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బొత్తాలు విప్పండి, గడియారం చూడండి. చేతిలో ఇనుప తాళాలు, ముక్కుకు ఉల్లిపాయ, పళ్ల మధ్య చెంచా ఇవేవీ పనిచెయ్యవు. చెంచా వల్ల పన్ను విరిగి ఊపిరితిత్తిలోకి పోవచ్చు. అయిదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోసారి వచ్చినా ఏ ఆసుపత్రి దగ్గరైతే అక్కడికి తీసుకెళ్లండి. డాక్టరు సరేననేవరకు బండి, ట్రాక్టరు నడపడం, ఒంటరిగా చెరువులోకి దిగడం మానాలి.

ప్రతి తలనొప్పికీ స్కాన్ తీయించాలా?
ఒక పాఠకుడు, కాశీనగరం

అక్కర్లేదు. తలనొప్పుల్లో ఎక్కువ భాగం మైగ్రేన్లు, మెడ కండరాల నొప్పులు. 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి, వారం వారానికీ పెరిగేది, దగ్గితేనో వంగితేనో పోటెత్తేది, తెల్లవారుజామున నిద్ర లేపి వాంతి చేయించేది, దాంతోపాటు చూపు రెండుగా కనబడడం, ఒక పక్క చెయ్యి బలహీనపడడం, మాట తడబడడం, మనిషి స్వభావం మారడం ఉంటే ఆలస్యం చెయ్యకండి. ఒక చెవే మెల్లగా వినిపించకపోవడం కూడా ఈ జాబితాలోదే. చాలామంది చెవిలో గుబిలి అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు. లోపల వినికిడి నరం మీద గడ్డ ఉండొచ్చు.

బరంపురంలో ఎమ్మారైకి తొమ్మిది వేలు పెట్టాం. విశాఖ వెళ్తే మళ్లీ తీయమంటున్నారు. మమ్మల్ని దోచుకోవడం కాదా?
పర్లాకిమిడి నుంచి

కొన్నిసార్లు దోపిడీ కావచ్చు, ఎక్కువసార్లు కాదు. రోగం ఏదో చూడడానికి తీసే స్కాన్‌లో ముక్కలు 4, 5 మిల్లీమీటర్ల మందాన ఉంటాయి. ఆపరేషన్‌లో గడ్డ ఎక్కడుందో తెర మీద దారి చూపే నావిగేషన్ యంత్రానికి 1 మిల్లీమీటరు ముక్కలు, రంగు మందు ఎక్కించాక తీసినవి, నెత్తి చర్మంతో సహా కావాలి. నెల కిందటి బొమ్మ కూడా పనికిరాదు, ఈలోగా గడ్డ మారి ఉండొచ్చు. మీ ఫిల్ములు మంచివే అయినా ఆ పనికి చాలవు.

ఖర్చు తగ్గే దారి ఒకటుంది. మొదటి స్కాన్‌కు వెళ్లే ముందే ‘ఆపరేషన్ ఎక్కడ చేయించబోతున్నాం, వాళ్లకు ఏ సీక్వెన్సులు (ఏ రకం బొమ్మలు) కావాలి’ అని ఆ ఆసుపత్రి నుంచి చీటీ రాయించుకోండి. రంగు మందుకు క్రియాటినిన్ పరీక్ష ముందే చేయించండి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఆ మందు జాగ్రత్తగా వాడాలి. పేస్‌మేకర్ గానీ, పాత ఆపరేషన్ క్లిప్పులు గానీ ఉంటే స్కానింగ్ గదిలోకి అడుగుపెట్టకముందే చెప్పండి. వచ్చేటప్పుడు ఫిల్ములతోపాటు సీడీ కూడా అడగండి. ఫిల్మును ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే దాని మీద నిర్ణయం చెప్పే డాక్టరు మాట నమ్మకండి. వెలుగు పడి సగం తేడాలు అందులో చెరిగిపోతాయి.

మా అమ్మకు 58. గడ్డ చుట్టూ వాపుందని డెక్సామెథాసోన్ రాశారు. తలనొప్పి మాయమైంది, గడ్డ కరిగిందనుకున్నాం. చీటీ అయిపోయాక షాపులో అడిగి రెండు నెలలు వేశాం. సుగర్ 380కి వెళ్తే భయపడి ఒక్కసారిగా ఆపేశాం. ఇప్పుడు లేవలేకపోతోంది.
ఒక కూతురు, గుణుపురం

ముందు ఈ ఉత్తరం పక్కన పెట్టి అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లండి. వారాల తరబడి స్టెరాయిడ్ వేస్తే ఒంట్లో సొంతంగా తయారయ్యే హార్మోను పడుకుంటుంది. మాత్ర ఠక్కున ఆపితే బీపీ పడిపోతుంది, వాంతులు, నీరసం, మత్తు వస్తాయి. దానికి సెలైన్, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే పడాలి. అత్యవసర విభాగంలో మొట్టమొదట చెప్పాల్సిన వాక్యం: ‘రెండు నెలలు డెక్సా వేసి ఆపేశాం’. ఒడియాలో చెప్పడం రాకపోతే మాత్రల అట్ట చూపించండి.

డెక్సామెథాసోన్ గడ్డను కరిగించదు. గడ్డ చుట్టూ ఊరిన నీటిని లాగేస్తుంది, అందుకే రెండు రోజుల్లో తేలికపడతారు. మామూలుగా రోజుకు 4 నుంచి 16 మిల్లీగ్రాముల మధ్య ఇస్తారు. పని అయ్యాక కొన్ని రోజులకొకసారి మోతాదు కోస్తూ ఆపుతారు. ఉదయం, మధ్యాహ్నం వేయాలి. రాత్రి వేస్తే నిద్ర పట్టదు. వారానికి రెండు మూడుసార్లు సుగర్ చూడాలి.

అయితే ఒకే ఒక్క గడ్డకు ఇది నిజంగానే కరిగించే మందు, అదే లింఫోమా, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల కేన్సర్. అక్కడే పెద్ద చిక్కు. స్టెరాయిడ్‌తో లింఫోమా కరిగి, ముక్క తీస్తే లోపల ఏమీ దొరకదు, పేరు తేలదు, వారాల తరవాత మళ్లీ పైకి లేస్తుంది. స్కాన్ చూసి లింఫోమా అనే అనుమానం వస్తే ప్రాణం మీదికి వస్తే తప్ప స్టెరాయిడ్ ఇవ్వకుండానే ముక్క తీస్తారు. ‘డెక్సా వేయలేదేంటి’ అని ఆసుపత్రివాళ్లతో గొడవ పడేముందు ఆ సంగతి అడగండి.

ఏడేళ్ల పాపకు రెండు నెలలుగా పొద్దున్నే వాంతులు. గ్యాస్ అని, నట్టలని మందులు వాడాం. ఈ మధ్య నడక తూలుతోంది.
పర్లాకిమిడి నుంచి ఒక తల్లి

రేపటివరకు ఆగకండి. రాత్రంతా పడుకున్నప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. అందుకే లేవగానే వాంతి, ఆ తరవాత గంటసేపట్లో హుషారు, బడికి కూడా వెళ్లడం. అది కడుపు గొడవ లక్షణం కాదు. అసలు పొట్ట వాంతికి ముందు వికారం ఉంటుంది, విరేచనాలు ఉంటాయి, తినగానే పెరుగుతుంది. పాప తల ఒక పక్కకు వాల్చుకుని కూర్చుంటోందా, గీత మీద మడమకు వేలు ఆనించి నడవమంటే పడుతోందా చూడండి.

ఈ వయసులో వెనక మెదడులో వచ్చే గడ్డ నీటి దారి మూసి, తలలో నీరు నింపుతుంది. మొదట వెంటనే సీటీ తీసి నీరుందో లేదో చూస్తారు. నీరు బాగా ఉంటే గడ్డ జోలికి పోకముందే నీటికి దారి చేస్తారు: బయటికి గొట్టమో, కెమెరాతో లోపలే కన్నమో, పొట్టలోకి నీరు దించే గొట్టమో (షంటు). ఈ దశలో నడుములో సూది పెట్టి నీరు తీయకూడదు, మెదడు కిందికి జారుతుంది. ఎవరైనా ఆ మాటంటే స్కాన్ చూశారా అని అడగండి.

ఎమ్మారైకి పాపను నిద్రపుచ్చుతారు. అన్నం ఆరు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు ముందు ఆపాలి. బిస్కెట్టు ముక్క పెట్టేసి దాస్తే ఆ రోజు స్కాన్ రద్దవుతుంది, లేదా మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెన్నుపూస స్కాన్ కూడా ఆపరేషన్‌కు ముందే తీయించండి. తరవాతైతే కారిన రక్తం మచ్చల్లా కనిపించి పదిహేను రోజులు ఆగాలి. ఆపరేషన్ అయిన 72 గంటల్లోపు ఇంకోసారి తలకు స్కాన్ పడాలి, ఎంత మిగిలిందో అప్పుడే సరిగా తెలుస్తుంది. ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకు కొందరు పిల్లలు మాట ఆపేస్తారు. ముందే తెలిసి ఉంటే తల్లి గుండె పగలదని రాస్తున్నాం. వారాలు, నెలల్లో మాట తిరిగి వస్తుంది, కొందరికి నత్తి కొంత మిగలొచ్చు.

మా ఆయనకు ఎడమ వైపు గడ్డ. మెలకువగా ఉంచి తల ఆపరేషన్ చేస్తారట! నొప్పి తెలీదా?
జయపురం నుంచి

మెదడుకు నొప్పి తెలీదు. తెలిసేది నెత్తి చర్మానికి, లోపలి పొరకు. వాటికి మత్తు సూదులు వేస్తారు. ఎముక తీసేవరకు నిద్రపుచ్చి, తరవాత లేపుతారు. మెదడు మీద చిన్న కరెంటు తాకిస్తూ బొమ్మలు చూపిస్తారు. ఎక్కడ తాకిస్తే పేరు చెప్పలేక ఆగిపోతారో ఆ చోటు కోయకుండా వదిలేస్తారు. మధ్యలో ఫిట్స్ వస్తే చల్లటి సెలైన్ పోసి ఆపుతారు.

మన జిల్లాలవాళ్లు తప్పనిసరిగా చెప్పాల్సింది భాషల సంగతి. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, సరుకులవాళ్లతో హిందీ అయితే, ఒక్కో భాషకు మెదడులో చోటు కొంచెం తేడాగా ఉండొచ్చు. ఒక్క ఒడియాలోనే పరీక్షిస్తే ఇంటి తెలుగు దెబ్బతినొచ్చు. గొడుగు బొమ్మ చూపిస్తే ఆయన ‘గొడుగు’ అంటారా, ‘ఛతా’ అంటారా? లెక్కలు ఏ భాషలో వేస్తారు? ముందు రోజు పరీక్ష చేసేటప్పుడు ఇవి చెప్పి, ఆయన నోట రోజూ వచ్చే మాటలకు తగ్గ బొమ్మలే ఎంపిక చేయించండి. ఖైనీ, గుట్కా, బీడీ ఉంటే ఇప్పుడే మానిపించండి. తల తెరిచి ఉన్నప్పుడు దగ్గు ప్రమాదం. కళ్లజోడు మర్చిపోకండి.

బయాప్సీ రిపోర్టులో గ్లియోబ్లాస్టోమా, గ్రేడు 4, ఐడీహెచ్ వైల్డ్ టైప్, ఎంజీఎంటీ మిథైలేటెడ్ అని ఉంది. అర్థం చెప్పండి. మందు ఎలా వేస్తారు?
ఒక కొడుకు, బరంపురం

గ్లియోబ్లాస్టోమా అంటే మెదడు కణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల కేన్సర్, గ్రేడు 4 అంటే అన్నిటికన్నా ఉధృతమైన మెట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఇలాంటి మెదడు కణితికి పేరు పెట్టడానికి సూక్ష్మదర్శినిలో చూడడమే చాలదు, జన్యు గుర్తులు కూడా కావాలి. ఐడీహెచ్ వైల్డ్ టైప్ అంటే ఆ జన్యువు మారలేదని. పెద్దవాళ్లలో ఇది వేగంగా పెరిగే రకం. ఎంజీఎంటీ మిథైలేటెడ్ అంటే మందు కొట్టిన దెబ్బను గడ్డలో బాగుచేసే జన్యువు మూతపడిందని. అది మీకు కాస్త మంచి వార్త, టెమొజోలమైడ్ అనే కీమో మాత్ర ఇలాంటి గడ్డ మీద మెరుగ్గా పనిచేస్తుంది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాం. ఈ గడ్డ పూర్తిగా పోదు. 2005లో వెలువడిన పెద్ద పరిశోధనలో రేడియేషన్ ఒక్కటే ఇస్తే సగం మంది 12.1 నెలలు దాటారు, మాత్ర కలిపితే 14.6 నెలలు. రెండేళ్లు దాటినవాళ్లు 10.4 శాతం నుంచి 26.5 శాతానికి పెరిగారు. ఎంజీఎంటీ మిథైలేటెడ్ ఉన్నవాళ్లు ఆ లెక్కలో పైభాగాన ఉంటారు.

ఆపరేషన్ గాయం మానాక, నాలుగు నుంచి ఆరు వారాల్లో రేడియేషన్ మొదలవ్వాలి. మొత్తం 60 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత), 30 రోజులు, సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఆరు వారాలు. వయసు 65 దాటి నీరసంగా ఉన్నవాళ్లకు 15 రోజుల్లో 40 గ్రే ఇచ్చే పద్ధతి ఉంది. ఊరికి దూరంగా గది తీసుకుని ఉండాల్సిన మీకు అది పెద్ద తేడా, అడిగి చూడండి. వేడి నీళ్లలో మెత్తబడే ప్లాస్టిక్ వలతో ముఖానికి మాస్కు పోస్తారు. జుట్టు ముందే కత్తిరించుకోండి. తరవాత కత్తిరిస్తే మాస్కు వదులవుతుంది, స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బితే బిగుసుకుంటుంది. రెండింటిలో ఏది జరిగినా వెంటనే చెప్పాలి, కొత్తది పోయాలి. కరెంటు పెట్టారు కాబట్టి పిల్లల్ని ఎత్తుకోకూడదన్నది అపోహ.

మాత్ర లెక్క ఒంటి వైశాల్యం మీద ఉంటుంది. వైశాల్యం 1.6 చదరపు మీటర్లయితే రేడియేషన్ రోజుల్లో చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు 120 మిల్లీగ్రాములు, అంటే 100ది ఒకటి, 20ది ఒకటి, శని ఆదివారాలు కూడా. రేడియేషన్ అయ్యాక నాలుగు వారాలు విశ్రాంతి. తరవాత 28 రోజులకు 5 రోజులు మాత్రమే, మొదటి విడత 150 చొప్పున 240 మిల్లీగ్రాములు, తట్టుకుంటే 200 చొప్పున, ఆరు విడతలు. ఇక్కడే ఇళ్లలో పొరపాట్లు జరుగుతాయి. 5 రోజుల డబ్బాను నెలంతా మింగేస్తారు, రక్తకణాలు పడిపోతాయి. ఖాళీ కడుపున, గంట ముందు వాంతి మాత్ర వేసుకుని, క్యాప్సూల్ విప్పకుండా మింగాలి. రేడియేషన్ రోజుల్లో వారం వారం, తరవాత ప్రతి విడతలో 21, 22 రోజుల దగ్గర రక్త పరీక్ష. ప్లేట్‌లెట్లు లక్ష, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు 1500 దాటితేనే తరవాతి విడత.

రేడియేషన్ ముగిసిన మూడు నెలల్లోపు తీసిన స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించొచ్చు. అది వైద్యం వల్ల వచ్చిన వాపు కావచ్చు. ఆ ఒక్క బొమ్మ చూసి మందు మానేయకండి.

నెలసరి ఆగి, పాలు వస్తున్నాయి. పిట్యూటరీ గడ్డ అన్నారు. ముక్కులోంచి ఆపరేషన్ అన్నారు.
ఒక పాఠకురాలు, బరంపురం

పిట్యూటరీ అంటే మెదడు అడుగున ఉండే హార్మోన్ల గ్రంథి. రక్తంలో ప్రొలాక్టిన్ (పాలు తెప్పించే హార్మోను), థైరాయిడ్ చూపించుకున్నారా? ప్రొలాక్టిన్ బాగా ఎక్కువుంటే చాలామందికి కాబర్గోలిన్ మాత్రలే చాలు, వారానికి రెండుసార్లు, గడ్డ కుంచించుకుపోతుంది. అయితే గ్యాస్ మాత్రల్లో కలిసే డోంపెరిడోన్ కూడా ప్రొలాక్టిన్ పెంచుతుంది. థైరాయిడ్ తక్కువైనా పెరుగుతుంది. గ్యాస్ మాత్ర ఆపి మళ్లీ పరీక్ష చేయించి, ఎండోక్రైనాలజిస్టును (హార్మోన్ల డాక్టరును) కలవండి. చూపు పక్కలకు తగ్గితే మాత్రం ఆగవద్దు.

ఒడిశా కార్డు విశాఖలో చెల్లుతుందా? ఏ ఆసుపత్రికి వెళ్లాలి?
గుణుపురం నుంచి

2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి అమలవుతున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకు అదనంగా 5 లక్షలు. ఆయుష్మాన్ కార్డు పొరుగు రాష్ట్రంలోనూ చెల్లుతుంది, కానీ ఆ ఆసుపత్రి, ఆ వైద్యం రెండూ పథకంలో ఉండాలి. 14555కు ఫోన్ చేసి, ఆసుపత్రిలో ఆరోగ్య మిత్రను అడిగి ఖాయం చేసుకున్నాకే రైలెక్కండి. ఆంధ్రాలోని ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కార్డుదారులకే.

న్యూరోసర్జరీకి బరంపురంలో ఎంకేసీజీ, విశాఖలో కేజీహెచ్, భువనేశ్వర్‌లో ఎయిమ్స్ ఉన్నాయి. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ వాళ్లది. ఎక్కడికెళ్లినా ‘ట్యూమర్ బోర్డులో మా కేసు పెడతారా’ అని అడగండి. సర్జన్, రేడియేషన్ డాక్టరు, కీమో డాక్టరు, రేడియాలజిస్టు, పెథాలజిస్టు ఒకచోట కూర్చుని మాట్లాడే సమావేశం అది.

ఊరు దాటి వెళ్లేవాళ్ల సంచిలో సీడీ, ఆపరేషన్ వివరాల కాగితం, బయాప్సీ రిపోర్టు, గాజు స్లైడులు, మైనపు దిమ్మలు ఉండాలి. మైనపు దిమ్మ అంటే తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ. జన్యు పరీక్షలు దాని మీదే చేస్తారు. అడిగితేనే ఇస్తారు, తీసుకున్నట్టు సంతకం పెట్టమంటారు. ఎండలో ఆపిన కారులో పెట్టకండి, మైనం మెత్తబడుతుంది. ఆపరేషన్ థియేటర్ బయట ముక్కను మీ చేతికి ఇచ్చి ల్యాబుకు తీసుకెళ్లమంటే సీసాలో ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) ఉందో, ఉత్త సెలైనో చూసి అడగండి. సెలైన్‌లో గంటల తరబడి ఉంటే ముక్క కుళ్లి పరీక్షకు పనికిరాదు.

కేన్సర్ రకం అని తేలితే చికిత్సకు వెళ్లే రైలుకు రాయితీ ఉంది. స్లీపరు, థర్డ్ ఏసీల్లో రోగికి టికెట్టు ఉచితం, తోడు వెళ్లేవారికి 75 శాతం తగ్గింపు. ఫారం మీద ఆసుపత్రి డాక్టరు సంతకం, ముద్ర కావాలి. డిశ్చార్జి కాగితాలు తీసుకునే రోజే అది కూడా వేయించుకుంటే దాని కోసం ఇంకో ప్రయాణం తప్పుతుంది.